మూసు దర్శనం

వయోమింగ్ కొండల మీద, వంట డేరా నుంచి
సెప్టెంబరు 7

వదినా,

నీ ఆడపడుచు క్షేమంగా ఉంది. ముక్కు ఒక్కటే చలికి నా స్వాధీనంలో లేదు.

ముందు ఈ ఉత్తరాల ఏర్పాటు చెబుతాను. ఈ కొండ మీద ఫోను పలకదు. పది రోజులకోసారి కంచరగాడిదల మీద సరుకులు వస్తాయి. అవి దిగేటప్పుడు నా ఉత్తరం కిందికి పోతుంది. ఊళ్ళో మా యజమానురాలు మార్జీ దాన్ని ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతుంది. నువ్వూ కాగితం మీద రాసి ఫోటో పంపితే, ఆమె అచ్చు తీసి గాడిద ఎక్కిస్తుంది. నీ అంతటిదాని మాటలు గాడిద మోస్తోందని చిన్నబుచ్చుకోకు.

ఇక అసలు సంగతి. ఇది నీకొక్కదానికే. నేను అమ్మకు చెప్పి వచ్చినట్టు ఇది కొండలు చూడ్డానికి వచ్చేవాళ్ళ విడిది కాదు. వేట శిబిరం. సర్కారు అనుమతి తీసుకుని, గైడును వెంటబెట్టుకుని, మూసును, ప్రాంగ్‌హార్న్‌ను వేటాడడానికి వస్తారు. వాళ్ళకు వంట నాది. మూసంటే గుర్రమంత ఎత్తు దుప్పి అనుకో. కొమ్ములు రెండు చేటలు బోర్లించినట్టు ఉంటాయట. నేనింకా చూడలేదు. ప్రాంగ్‌హార్న్ మన జింకకు దూరపు చుట్టంలా ఉంటుంది, కింద మైదానంలో తిరుగుతుంది.

మూసు వేటకు అనుమతి ఎలా వస్తుందో తెలుసా? లక్కీ డిప్పులో! మన సుప్రభాత సేవకు పేరు వేసుకున్నట్టు ఏళ్ళ తరబడి వేసుకుంటూ ఉండాలి. వింటే నాకు సొంత ఊరికి వచ్చినట్టే అనిపించింది.

గైడు పేరు డెల్. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టు ఉంటాడు. పొద్దున్నే గుప్పెట్లోంచి సన్నటి దుమ్ము వదిలి, గాలి ఎటు పోతోందో చూసి, దానికి ఎదురుగా మనుషుల్ని నడిపిస్తాడు. చూడ్డానికి భలే ఉంటుంది.

తిరుపతి హోటల్లో పన్నెండేళ్ళు ఇడ్లీ ఆవిరి పీల్చాను కదా, ఒక్క సీజను కొండగాలి పీల్చుదామని వచ్చాను. అంతకు మించి ఏమీ లేదు. కానీ అమ్మకు తెలిస్తే సొట్ట గంగాళం మళ్ళీ నా చేతికి ఇవ్వదు. దసరా నాడు మన ఊరి స్వామి పల్లకీలో తోపుకు, ఉత్తుత్తి బాణాల పారువేటకు బయలుదేరితే, ఊరంతటికీ పెట్టే పులిహోర నాయన పోయినప్పటి నుంచీ ఆ గంగాళంలో నేనే కలుపుతున్నాను. ఈ ఏడు ఎలాగూ తప్పింది. వచ్చే ఏటికి కూడా తప్పితే తట్టుకోలేను వదినా. నాకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే.

నోరు జారకు.

ప్రియ


తిరుపతి, తీర్థకట్ట వీధి
సెప్టెంబరు 12

మా అర్ధమొగుడు గారికి,

ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు. యాడో కొండెక్కి కూర్చుని కూడా నా ప్రాణం తీస్తున్నావు.

"నీకొక్కదానికే" అని రాస్తావు సరే. ఫోటో వచ్చేటప్పటికి మీ అమ్మ నా పక్కనే పత్తి ఒత్తులు చేస్తూ ఉంది. ఫోను టింగుమంది. "పాప ఉత్తరమా? సదువు" అంది. కంటి ఆపరేషను అయినప్పటి నుంచీ ఆమెకు చెవులు నాలుగైనాయి. తర్వాత చదువుతానత్తా అంటే, "తర్వాత సదివేది ఇప్పుడే సదువు" అంది. ఏం చేయను?

వేట అని ఉన్నచోటల్లా దర్శనం అని చదివాను. అదొక్కటే నాకు తోచింది. మూసు దర్శనానికి అమెరికా వాళ్ళు కొండకు వస్తారు, గైడు దగ్గరుండి దర్శనం చేయిస్తాడు, టోకెన్లు లక్కీ డిప్పులో ఇస్తారు అని చదువుకుంటూ పోయాను. ఎంత బాగా కుదిరిందో నాకే ఆశ్చర్యం. గంగాళం ముక్కను మొత్తానికే మింగేశాను. గాలి, దుమ్ము సంగతిలో దోషమేమీ కనిపించలేదు, ఉన్నదున్నట్టే చదివాను. మీ అమ్మ ఒత్తి చేయడం ఆపి "ఊఁ" అంది. మళ్ళీ ఒత్తి చేసుకుంది.

తర్వాత ఒకటే ప్రశ్నలు. "మూసుకి ఎన్ని సేతులు?" చేతులు లేవత్తా, నాలుగు కాళ్ళే అన్నాను. "సరే, వరాహస్వామికి మాత్రం కాళ్ళు లేవా" అంది.

సాయంత్రానికి పక్కింటి జయంతి గోడ మీదుగా తొంగి చూస్తూ, "అక్కా, మూసు దర్శనానికి మూడొందల టికెట్టు ఉండాదా? ఆన్‌లైన్లోనా?" అని అడిగింది. మీ అమ్మ అప్పటికే వీధి వీధంతా చెప్పేసింది. మీ అన్నకు ఇంకా తెలియదు. తెలిస్తే ఆయన ఆఫీసులో కూడా చెబుతాడు, తర్వాత తీర్థయాత్ర బస్సు కూడా వేస్తారు.

ఈసారి రాసేటప్పుడు కాస్త చదవడానికి వీలుగా రాయి. దసరా పులిహోర నా నెత్తిన పడింది. మీ అమ్మ ఇప్పటి నుంచే నా చేతి వంక అనుమానంగా చూస్తోంది.

కుముదం


వంట డేరా
సెప్టెంబరు 17

వదినా,

నవ్వి నవ్వి పొయ్యి మీద పాలు పొంగించాను. మూడొందల టికెట్టు గురించి డెల్‌కు చెబితే అతను కూడా నవ్వాడు. ఇన్నాళ్ళకు అతని పళ్ళు చూశాను.

ఇది మాత్రం అమ్మకు చదవకు. మొన్న కింద మైదానంలో ఒకాయన ప్రాంగ్‌హార్న్‌ను కొట్టాడు. తెచ్చి వంట డేరా ముందు దించారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఎవరూ నవ్వలేదు. డెల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత కత్తి తీశాడు. ఒక్క ముక్క కూడా పారేయనివ్వడు.

ఆ మాంసం నేనే వండాను. తినలేదు, రుచి కూడా చూడలేదు. మనకు అదేమీ కొత్త కాదుగా? స్వామికి నైవేద్యం కాకముందు వేలు నాకిన పాపాన పోయామా? కంటితో ఉప్పు, ముక్కుతో పులుపు చూసుకోమని అమ్మ నేర్పిందే ఈడ అక్కరకొచ్చింది. ఇన్నేళ్ళలో ఇంత కుదిరిన కూర తినలేదని అందరూ గిన్నెలు నాకారు. నాకు ఒక పక్క గర్వం, ఒక పక్క దిగులు. అమ్మ విద్యను తీసుకుపోయి ఎక్కడ వాడుతున్నాను?

ఇక్కడ హ్యాంక్ అని ఒక ముసలాయన ఉన్నాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైనాడు. ఇరవై ఏళ్ళకు పైగా డిప్పులో పేరు వేస్తే ఈ ఏడు మూసుకు అనుమతి వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాయి, మళ్ళీ కొండ ఎక్కలేను, ఇదే ఆఖరుసారి అంటాడు. వేట వచ్చే నెల మొదలు. అది ముగిసేదాకా కదలనని డేరా వేసుకుని కూర్చున్నాడు. నేను తెచ్చుకున్న పులిహోర గుజ్జుతో ఒకరోజు అన్నం కలిపితే, మూడుసార్లు అడిగి వేయించుకున్నాడు. ఎవరు నేర్పారంటే అమ్మ అని చెప్పాను. "మీ అమ్మకు నా నమస్కారం చెప్పు" అన్నాడు, చేతులు జోడించి. ఎక్కడ నేర్చుకున్నాడో.

ఇంతవరకు అమ్మకు చదవచ్చు, హ్యాంక్ దగ్గర నుంచి.

ప్రియ


తిరుపతి
సెప్టెంబరు 29

ప్రియా,

కొంప మునిగింది.

హ్యాంక్ తాత సంగతి చదివాను. ఇరవై ఏళ్ళుగా టోకెను కోసం కాచుకున్నాడు, మోకాళ్ళు పోయాయి, ఇదే ఆఖరి దర్శనం అని చదివేటప్పటికి మీ అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. ఆమెకు కూడా మోకాళ్ళ నొప్పులే కదా. లేచి, కాళ్ళు కడుక్కుని, పటం ముందర నిలబడింది.

"స్వామీ, వేటకి పొయ్యే స్వామీ. ఆ ముసలాయనకి మూసు దర్శనం కంటినిండా అయ్యేట్టు సూడు. అయితే వచ్చే ఏడు పారువేటకి ఒకటి కాదు, రెండు గంగాళాలు పులిహోర పెట్టిస్తాను" అని మొక్కింది.

నేను అడ్డం పడేలోపలే కర్పూరం కూడా వెలిగించింది. మొక్కేది ఆమె, రెండు గంగాళాలు కలిపేది మనం. అది కాదులే నా దిగులు. నీకు అర్థమైంది కదా?

ఇక్కడ దసరా పనులు మొదలైనాయి. నిన్న పులుసు మగ్గబెట్టి చూపిస్తే మీ అమ్మ వాసన చూసి, "ఇది పులిహోరా, పాత బాకీనా? మొహం ముడుసుకోనుండాది" అంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.

కుముదం


వంట డేరా
అక్టోబరు 7

వదినా,

గాడిదలు ముందర కాచుకుని ఉన్నాయి, గబగబా రాస్తున్నాను.

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది, చదివి గరిటె పక్కన పడేశాను. అమ్మ జీవితంలో చీమను కూడా తొక్కలేదు. ఇప్పుడు ఆమె దేవుడి ముందర నిలబడి ఏం అడిగినట్టు? హ్యాంక్‌కు మూసు ఎదురుపడాలని. ఎదురుపడితే అతను చూసి దండం పెట్టి వస్తాడా? అమ్మ ప్రార్థనతో ఒక ప్రాణం పోతే, అది ఆమె లెక్కలో ఎవరు రాశారు? మనమిద్దరమే. నువ్వు భయపడి, నేను దాచి.

హ్యాంక్ మీద నాకు కోపం లేదు. మంచివాడు. రోజూ పొద్దున్నే తుపాకి తుడుచుకుని గుర్రమెక్కి పోతాడు, చీకటి పడేటప్పటికి ఊరికే తిరిగొస్తాడు. ఒకసారి కొమ్మలు విరిగిన జాడ, ఒకసారి బురదలో గిట్టల గుర్తులు, అంతే. అతను వట్టి చేతులతో వచ్చినప్పుడల్లా నాకు పాపం అనిపిస్తుంది, హమ్మయ్య అని కూడా అనిపిస్తుంది.

ఈ కింది నాలుగు ముక్కలు అమ్మకు ఉన్నదున్నట్టు చదువు. నా మీద ఒట్టు.

అమ్మా, ఇది దర్శనం కాదు, వేట. నేను వేట శిబిరంలో మాంసం వండుతున్నాను. నీ మొక్కు వెనక్కి తీసుకో. గంగాళం నాకు ఇవ్వకపోయినా సరే. నీ నోటితో ఆ జీవానికి చేటు అడగొద్దు.

ప్రియ


తిరుపతి
అక్టోబరు 21

ప్రియా,

తిట్టుకో. చదవలేదు.

రోజూ ఫోను తీస్తాను, ఆమె మొహం చూస్తాను, మళ్ళీ పెట్టేస్తాను. దసరా ముందర ఇంట్లో అగ్గి పెట్టడం ఎందుకని ఊరుకున్నాను. దసరా నిన్నటితో అయిపోయింది, ఇప్పుడు ఆ సాకు కూడా లేదు.

పారువేట మాత్రం బాగా జరిగింది. కార్వేటినగరం దాకా బస్సు, ఆడ నుంచి ఆటోలో మన ఊరు. మీ అమ్మను గుడి వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాము. ఆమె నోటితో వండింది, నేను చేత్తో వండాను. పల్లకీ తోపు చేరింది, అర్చకులు విల్లు పట్టుకుని పరుగెత్తారు, జనం కేకలు. మూడో బాణం పొదల్లో పడకుండా కుప్పయ్య సోడా బండి గొడుగులో దిగింది. "స్వామి నన్ను కొట్టినాడు, నా జన్మ ధన్యం" అని వాడు సోడాలన్నీ ఊరికే పంచేశాడు. తర్వాత తెలివొచ్చి ఏడ్చాడు.

పులిహోర మీ అమ్మ నోట్లో వేసుకుంది. "తినొచ్చు" అంది. పెళ్ళయి పదహారేళ్ళకు నాకు వచ్చిన మొదటి బిరుదు ఇది, ఇంట్లో పటం కట్టించుకుంటాను.

రేపు చదువుతాను. ఒట్టు.

కుముదం


వంట డేరా
అక్టోబరు 27

వదినా,

గాడిదలు ఇంకా పైకి రాలేదు, చదివావో లేదో తెలియదు. చదవకపోతే దీనితో కలిపి చదువు. ఒక్క అక్షరం మార్చకు. మార్చాల్సిన పని కూడా లేదు, ఎందుకో నువ్వే చూస్తావు.

దసరా నాడు నాకు మనసు నిలవలేదు. అక్కడ మీరంతా తోపులో ఉంటారు, ఇక్కడ నేను బంగాళాదుంపలు చెక్కుతుంటాను. అందుకని పొద్దున్నే లేచి, వేణ్ణీళ్ళు పోసుకుని, మిగిలిన గుజ్జంతా వేసి పెద్ద గిన్నెడు పులిహోర కలిపాను. మనసులోనే స్వామికి చూపించాను. వేడి తగ్గాలని తెల్లటి గుడ్డ పరిచి, డేరా బయట బల్ల మీద ఆరబోశాను. బయట తిండి పెట్టకూడదని ఇక్కడ గట్టి నియమం, ఎలుగుబంట్లు వస్తాయి. కాసేపే కదా అనుకున్నాను.

లోపలికి పోయి పళ్ళేలు తీస్తుంటే, బయట ఎవరో గట్టిగా ఊపిరి వదిలినట్టు వినిపించింది. తొంగి చూశాను.

మూసు! గుర్రమంత అన్నాను కదా, తప్పు. గుర్రం కంటే ఎత్తు. చేటల్లాంటి కొమ్ముల మీద మంచు. తలవంచి మన పులిహోర తింటోంది. ఉప్పంటే వాటికి ప్రాణమట. బల్లకు అవతల హ్యాంక్ నిలబడి ఉన్నాడు, ఉన్ని లాగుతో, చేతిలో కాఫీ లోటాతో. తుపాకి డేరాలో. ఇద్దరి మధ్యా బల్ల తప్ప ఏమీ లేదు.

అది తల ఎత్తింది. ముక్కు మీద మెతుకులు, పెదవి చివర ఒక ఎండుమిరపకాయ. హ్యాంక్ వైపు చూసింది. హ్యాంక్ దాని వైపు చూశాడు. అది మళ్ళీ తల వంచి, గుడ్డ చివర దాకా నాకి, తీరుబడిగా వాగు వైపు పొదల్లోకి పోయింది. అప్పుడు చూస్తే హ్యాంక్ చేతిలో కాఫీ అంతా నేల మీద ఉంది. ముసలాయన ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను.

డెల్ పరుగెత్తుకొచ్చి నన్ను చడామడా తిట్టాడు. అతనికి అన్ని మాటలు వచ్చని అప్పుడే తెలిసింది. హ్యాంక్ వైపు తిరిగి, "తుపాకి చేతిలో ఉన్నా కొట్టనిచ్చేవాణ్ణి కాదు. తిండి చూసి వచ్చినదాన్ని కొట్టడం మా శిబిరంలో లేదు" అన్నాడు.

తర్వాత హ్యాంక్ రోజూ పోయాడు, రోజూ ఊరికే తిరిగొచ్చాడు. నిన్నటితో మూసు వేట ముగిసింది. రాత్రి భోజనాల దగ్గర అమ్మ మొక్కు సంగతి అంతా అతనికి చెప్పేశాను. చాలాసేపు నవ్వాడు. తర్వాత కొంచెం ఉక్రోషంగా, "మీ అమ్మను ఇంకోసారి మొక్కేటప్పుడు మాటలు సరిగ్గా పెట్టమను" అన్నాడు. కానీ మిరపకాయ తొడిమ ఒకటి బల్ల కింద దొరికితే, దాన్ని జేబులో దాచుకున్నాడు. నేను చూశాను.

అమ్మ ఏమన్నా సరే, నాకు రాయి.

ప్రియ


తిరుపతి, తీర్థకట్ట వీధి
నవంబరు 3

చిరంజీవి రంగప్రియకి అమ్మ పెరుందేవమ్మ ఆశీర్వాదం. రాసేది మీ వదిన. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని దాన్ని పటం ముందర కూర్చోబెట్టినాను. నీ ఉత్తరాలన్నీ మొదట్నుంచి మళ్ళీ సదివించుకున్నాను, దర్శనాలు తీసేసి.

ఏమే, మీరిద్దురూ నన్ను ఏమనుకున్నారు? దర్శనానికి పొయ్యేవాళ్ళు దుమ్ము ఎగరేసి, గాలి సూసుకోని, ఎదురు గాలికి పోతారా? మొదటి ఉత్తరం నాడే నాకు తెలిసిపొయ్యింది. మా నాయన గాలి సూసేదానికి పొయ్యి బూడిద ఎగరేస్తా ఉంటే పక్కన నిలబడి సూసినదాన్ని. కార్వేటినగరం పక్క దొరలకి జమీను పొయ్యింది గానీ వేట పోలేదు. వాళ్ళు అడివికి పోతే డేరాల్లో వంట మా నాయనదే. నాలుగు దినాలు గడిసినా సెడిపోకూడదని నూనెలో పులుసు మగ్గబెట్టడం ఆడనే పట్టుబడింది ఆయనకి. అదే నాకొచ్చింది, నీకొచ్చింది. (ఇది విని నేను పెన్ను కింద పడేశాను - కుముదం.) నువ్వు మద్దెన రాయొద్దు, నేను చెప్పిందే రాయి.

ఆ గంగాళం యాడ నుంచి వచ్చిందనుకున్నావు? వేట ఆపేసినప్పుడు డేరా సామాన్లు పంచితే మా నాయన వాటాకి వచ్చింది. పక్కన సొట్ట ఉండాది కదా, అది అడివి పంది పొడిసింది. ఆయన దొరలకి మాంసం వండినాడు, రుచి సూడలేదు. ఇంటికొచ్చి తలకి పోసుకోని స్వామికి వండినాడు. స్వామి ఏమీ అనలేదు. ఏమంటాడు? ఆయనా ఏటేటా వేటకి పొయ్యేవాడే, ఊరికే తిరిగొచ్చి పులిహోర తినేవాడే.

మొక్కు సంగతి. నేను తెలిసే మొక్కినాను. కుముదం దర్శనం దర్శనం అని సదవతా ఉంటే, ఇదీ మంచిమాటే అనుకున్నాను. అన్నేళ్ళు కాసుకున్న మనిషి కంటినిండా సూడాల. ఆ జీవం కూడా దాని దోవన అది పోవాల. అందుకే దర్శనమే అడిగినాను, దాని పైన ఒక్క మాట అడగలేదు. మాటలు సరిగ్గానే పెట్టినానని ఆ ముసలాయనకి చెప్పు. మోకాళ్ళకి ఆముదం కాసి రాసుకోమని కూడా చెప్పు.

నాకు కోపం లేదనుకోవద్దు. ఉండాది. వేటకి కాదు, మాంసానికి కాదు. అమ్మకి చెప్పుకోలేక వదినకి చెప్పుకున్నావే, దానికి. రెండు దినాలు అన్నం తినలేదు. మూడో దినం మూసు మూతి మీద మిరపకాయ గుర్తొచ్చి నవ్వొచ్చింది, తిన్నాను. ఉప్పు ఎంత వేసినావో రాయి. అడివి మృగం వాసన పట్టుకోని వచ్చిందంటే సరిగ్గా పడుంటుంది.

మొక్కు తీరింది కాబట్టి వచ్చే ఏడు రెండు గంగాళాలు. కొత్తది కుముదానికి ఇస్తాను, ఇప్పుడు దాని పులిహోర తినొచ్చు. సొట్టది తోమి బోర్లించినాను. అది నీది. వచ్చి ఎత్తుకో.